మలుపు దగ్గర ఆగే సైకిళ్ళు

వ్రాత్నిక్, సరాయెవో
ఏప్రిల్ ఆఖరు

ఫిక్రెత్ మామయ్యకి,

నీ చెవులు ఫోనుకి పనికిరావు. నీ కళ్ళేమో ఫోను తెర మీది చిన్న అక్షరాలకి ఒప్పుకోవు. అందుకే ఈ కాలంలో కూడా కవరుకి స్టాంపు అంటించే మనిషిని మన మొహల్లాలో నేనొక్కదాన్నే మిగిలాను. పోస్టాఫీసు అమ్మాయి, "స్వీడన్‌లో ఎవరు, ప్రియుడా?" అని ఆట పట్టిస్తుంది. "అవును, డెబ్బై దాటాయి, చెవుడు కూడా" అంటాను. అమ్మకి ఈ మాట రాయకు.

టూరిస్టుల సీజను మొదలైంది. కొత్త సైకిళ్ళు వచ్చాయి, దున్నపోతుల్లా ఉన్నాయి, కానీ బ్యాటరీ వేస్తే మన సందు కూడా చదును నేలే అనిపిస్తుంది. పొద్దున నది ఒడ్డు నుంచి బయల్దేరి, బజారు మీదుగా, మన వ్రాత్నిక్ నిట్రంలో నిలువుగా ఎక్కి పసుపు కోట దాకా. అక్కడ ఊరంతా చూపించి, ఆ తర్వాత ట్రెబెవిచ్ కొండ మీద ఒలింపిక్స్ నాటి ఆ పాత కాంక్రీటు కాలువ దగ్గరికి. ఒకప్పుడు మంచుబండ్లు జారిన ఆ కాలువలో ఇప్పుడు నాచు, రంగు బొమ్మలు. మధ్యలో తినడానికి బురెక్, తాగడానికి కాఫీ. మా యజమాని ఏమంటున్నాడంటే, "నెయ్‌రా, యుద్ధం కబుర్లు ఇంకాస్త చెప్పమ్మా, జనం అందుకే వస్తున్నారు" అని. బొమ్మలాట కథలా చెప్పమంటాడు. నాకు తెలిసింది బల్ల కింద చీకటి, అంతే. అది చెబితే ఎవరు చప్పట్లు కొడతారు?

అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నోరు కూడా. నా గుంపు సందులోంచి వెళ్తుంటే కిటికీ తెరిచి, "వచ్చాయమ్మా కరెంటు గాడిదలు" అంటుంది. ఎదురింటి షెఫికా పెద్దమ్మ రోజూ సాయంత్రం కాఫీకి వస్తోంది. ఇద్దరూ అదే పాత కబుర్లు, అదే చోట ఆగిపోవడం. ఒకావిడ కొడుకు జాడ లేనివాడు, ఇంకొకావిడ భర్త జాడ లేనివాడు. ఆగినచోట కాఫీ పోసుకుంటారు.

నీకు రాయాలనిపించిన సంగతి వేరే ఉంది. నవ్వకు. నిన్నటి గుంపులో ఒక ఆస్ట్రియా కుర్రాడు ఉన్నాడు. పాతికేళ్ళుంటాయేమో. ఎప్పుడూ అందరికన్నా వెనకే. మన సందు ఇరుకైన చోట అతను ఒంటి చేత్తో బండి పట్టుకుని రెండో చేతి వేలి కణుపులతో గోడలు కొడుతూ వస్తున్నాడు. రెండుసార్లు వెంటవెంటనే, కాస్త ఆగి మూడోసారి. ముందు వెళ్తున్న నాకు అది వెనక నుంచి వినబడింది. మామయ్యా, నాన్న ముఖం నాకు సరిగ్గా గుర్తులేదు, నీకు తెలుసు. ఫొటోలో మనిషికీ నా నాన్నకీ సంబంధం ఉన్నట్టే అనిపించదు. కానీ ఆ చప్పుడు నాకు తెలుసు. రాత్రి నేను నిద్రపోకపోతే పక్క గదిలోంచి గోడ మీద అలాగే కొట్టేవాడు.

వెనక్కి తిరిగి చూశాను. ఎవరో కుర్రాడు, హెల్మెట్ కింద చెమటలు. అంతే.

ఆరోగ్యం జాగ్రత్త.
నెయ్‌రా

*

గోథెన్‌బర్గ్
మే నెల

ఒసేయ్ నెయ్‌రా,

బ్యాటరీతో కొండ ఎక్కేవాణ్ణి సైకిలు తొక్కాడంటే, లిఫ్టులో పైకెళ్ళినవాణ్ణి కొండలెక్కే వీరుడనాలి. మేము మీ వయసులో ట్రెబెవిచ్ ఎక్కితే మూడు రోజులు మెట్లు దిగలేకపోయేవాళ్ళం. మీ టూరిస్టులు దిగి సెల్ఫీ తీసుకుంటారు.

ఇక్కడ ఇంకా చలి. పక్కింటి ముసలాయన మళ్ళీ తియ్యటి చేప పచ్చడి సీసా ఇచ్చాడు. మనిషి మంచివాడు, చేపే చెడ్డది. పిల్లికి పెట్టాను, అది నన్ను అదోలా చూసింది.

గోడల మీద కొట్టుకుంటూ వెళ్ళేవాళ్ళు లోకంలో బోలెడుమంది. నేను షిప్‌యార్డులో పనిచేసే రోజుల్లో ఒక ఫిన్లాండువాడు ప్రతి ఇనపరేకునీ అలాగే కొట్టేవాడు. నీకు నిద్ర చాలట్లేదు. టూరిస్టుల వెనక్కి తిరిగి చూడకు, ముందు రోడ్డు చూడు. ఆ నిట్రంలో పడితే పళ్ళు మిగలవు.

ఈ కుర్రాడి సంగతి అక్కకి చెప్పావా? చెప్పకు. మోకాళ్ళ నొప్పులకి ఇలాంటివి మంచివి కావు.

ఏ ఊరివాడన్నావు? ఆస్ట్రియాలో ఏ ఊరు?

మామయ్య

*

వ్రాత్నిక్
మే ఆఖరు

మామయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివాక అర్థమైంది, జోకులన్నీ పైన పెట్టి అసలు ప్రశ్న ఆఖర్న పెట్టావని. మోకాళ్ళ నొప్పులకీ, గోడ మీద చప్పుడుకీ ఏమిటి సంబంధం? ఊరి పేరు నీకెందుకు?

గ్రాట్స్. అతని ఊరు గ్రాట్స్. పేరు ఫ్లోరియాన్. బేకరీలో పని. నీ ఉత్తరం అందేలోపే అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి గుంపుతో కాదు, ఒక్కడే నన్ను గైడుగా మాట్లాడుకున్నాడు. మా యజమాని సంతోషంగా పంపాడు.

ట్రెబెవిచ్ ఎక్కుతుంటే చూస్తే అతను మోటారు ఆపేశాడు. ఆ బరువు బండిని ఒట్టి కాళ్ళతో తొక్కుతున్నాడు.

"ఏమయ్యా, బ్యాటరీ అయిపోయిందా?" అన్నాను.

"లేదు. ఈ కొండెక్కితే కాళ్ళు నొప్పెట్టాలని మా నాన్న చెప్పేవాడు."

"మీ నాన్న ఇక్కడికి వచ్చాడా?"

"ఇక్కడివాడే" అన్నాడు.

కాంక్రీటు కాలువ దగ్గర దిగాం. పైనంతా పొగమంచు, ఊరు కనబడటం లేదు. పైన్ చెట్ల మీంచి నీళ్ళు కాలువలోకి చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి, ఆ చప్పుడు కాలువ వెంట కింద దాకా ఎవరో నడిచి వెళ్తున్నట్టుంది. అతను అంచున కూర్చుని చెప్పాడు. వాళ్ళ నాన్న ఈ చలికాలంలో పోయాడట. టైల్స్ పరిచే పని చేసేవాడు. ఈ ఊరి గురించి ఎప్పుడూ మాట్లాడేవాడు కాదట, ఆఖరి నెలల్లో మాత్రం ఒకే ఒక్క ఇంటి గురించి మాట్లాడేవాడట.

"నాకా ఇల్లు చూపిస్తారా? వీధి పేరు చెప్పలేదు. చాలా నిట్రంగా ఉండే సందు. పైన నీళ్ళ ధార, దాని పక్కన నీలం గేటు. లోపలికి వెళ్తే ఎడమ చేతివైపు చెప్పులు విడిచే అరుగు. వంటింటి దూలం ఎంత కిందకంటే వంగకపోతే తల పగులుతుంది. ఆ వంటింటి కిటికీలోంచి చూస్తే రెండు మినార్ల మధ్య నది ఇంత ముక్క మెరుస్తుంది" అంటూ రెండు వేళ్ళ మధ్య ఎంతో చూపించాడు.

మామయ్యా, ఆ ముక్క అంతే ఉంటుంది. సరిగ్గా అంతే.

ఎవరో పరాయివాడు నా ఇంట్లో తిరుగుతున్నాడు. ఒక్కో గది తలుపూ తీస్తున్నాడు. నేను కొండ మీద నిలబడి వింటున్నాను.

"మీ నాన్న ఆ ఇంట్లో ఏం చేసేవాడు?" అన్నాను.

"అద్దెకుండేవాడట. ఇంటివాళ్ళకి ఒక చిన్నపాప ఉండేదట. నిద్రపోయేది కాదట. ఈయన గోడ మీద కొడితేనే పడుకునేదట. ఆ పాప ఏమైందో చూసి రమ్మన్నాడు."

నేనేమన్నానో తెలుసా? "అలాంటి ఇల్లు ఒకటి ఉండేది. షెల్లు పడి కూలిపోయింది" అన్నాను.

"మరి ఆ పాప?"

"తెలీదు."

అతను తలూపాడు. ఏడవలేదు. చాలాసేపు ఆ కాంక్రీటు మీద కణుపులతో కొడుతూ కూర్చున్నాడు. తిరిగొచ్చేటప్పుడు నేను వేరే దారిన, బ్రూవరీ వైపు నుంచి దింపాను, మన సందు తగలకుండా.

ఇంటికొస్తే అమ్మ, "ఏమే, ముఖం అలా ఉంది, దయ్యాన్ని చూశావా?" అంది. తన చేతిలో పళ్ళెం ఉంది. అది అందుకుని లోపలికి పోయాను.

నీకేదో తెలుసు. చెప్పు.

నెయ్‌రా

*

గోథెన్‌బర్గ్
జూన్

నెయ్‌రా తల్లీ,

ఈసారి జోకుల్లేవు.

నా చెవికి ఆపరేషన్ చేయిస్తారని చాలా ఏళ్ళ క్రితం గ్రాట్స్ వెళ్ళాను, గుర్తుందా? ఆపరేషన్ వల్ల ఒరిగిందేమీ లేదు. అక్కడ ఒక మధ్యాహ్నం ట్రాములో కూర్చున్నాను. ఎదర ఒక మనిషి నిలబడి ఉన్నాడు, బట్టలనిండా సిమెంటు పొడి. చేత్తో ట్రాము స్తంభాన్ని కొడుతున్నాడు. నాకు చప్పుడు వినబడదుగా, చెయ్యి కనబడింది. రెండు, ఆగి ఒకటి. తలెత్తి చూశాను. రుస్మీర్ బావ.

అతనూ నన్ను చూశాడు. ముఖం మీద కూడా సిమెంటు చల్లినట్టయింది. నేను లేచాను. "బావా" అని అరిచానో, అరిచాననుకున్నానో తెలీదు. జనం నావైపు తిరిగారు కాబట్టి అరిచే ఉంటాను. తలుపు తెరుచుకుంది, దిగిపోయాడు. నేను కిటికీకి చెయ్యి ఆనించి చూస్తుంటే వెనక్కి తిరగకుండా గోడ వారగా నడిచి వెళ్ళిపోయాడు.

అప్పటికి అతను చచ్చిపోయి పదేళ్ళు దాటింది. మనందరం ఏడ్చాం. ముట్టడి రోజుల్లో పిండి తెస్తానని విమానాశ్రయం కింది సొరంగంలోంచి ఊరు దాటి వెళ్ళి, కొండల్లో ఎక్కడో మంచులో పోయాడని మీ అమ్మే కదా చెప్పింది? నేను అక్కకి రాశాను. జవాబు మూడే ముక్కలు. "నువ్వు చూసింది దయ్యాన్ని. దయ్యాలకి ఉత్తరాలు రాయకు. ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తకు."

నమ్మాను. చెవులు పోయినవాడికి కళ్ళు కూడా మోసం చేస్తాయేమోననుకున్నాను. చనిపోయినవాళ్ళు ట్రాముల్లో తిరగడం మనవాళ్ళకి కొత్తేం కాదు. ఇక్కడ కూడా మార్కెట్లో అప్పుడప్పుడు మా అమ్మ కోటు కనబడుతుంది నాకు, లోపల వేరే మనిషి ఉంటుంది.

అంతకుమించి నాకు తెలీదు, ఒట్టు. తెలిసిన మనిషి నీ వంటింట్లో ఉంది. మెల్లగా అడుగు. ఆవిడ గొంతు పెంచితే భయపడకు, గొంతు తగ్గిస్తే భయపడు.

మామయ్య

*

వ్రాత్నిక్
జూలై మొదట్లో

మామయ్యా,

అడిగాను.

ఆదివారం మధ్యాహ్నం. అమ్మ బురెక్‌కి పిండి సాగదీస్తోంది. నీకు తెలుసుగా, బల్ల నిండా పల్చగా, కింద గుడ్డ మీది పువ్వులు కనబడేంత పల్చగా. ఆ సమయంలో ఆవిడ చేతులు వదలదు, ఎక్కడికీ పోలేదు. అందుకే అప్పుడు అడిగాను. కుర్రాడి సంగతి, ఇంటి సంగతి, నీ ట్రాము సంగతి, అన్నీ ఒక్క ఊపున చెప్పేశాను.

ఆవిడ చేతులు ఆగలేదు. పిండి అంచు పట్టుకుని బల్ల చుట్టూ నడుస్తూనే ఉంది.

"పోయాడా?" అంది.

"ఈ చలికాలంలో."

"ఎలా?"

"ఊపిరితిత్తులు అన్నాడు."

"సిమెంటు పొడి" అంది. గొంతు తగ్గింది, మామయ్యా. నువ్వు చెప్పినట్టే. "నేనే పంపాను. ఆయనేం పారిపోలేదు. నేనే వెళ్ళగొట్టాను."

తర్వాత చెప్పింది. బ్రూవరీ దగ్గర నీళ్ళ కోసం నిలబడ్డ వరసలో షెల్లు పడిన రోజు నాన్న అక్కడే ఉన్నాడట. రెండు డబ్బాల నిండా నీళ్ళతో, ఒక్క చుక్క కూడా ఒలక్కుండా ఇంటికి వచ్చాడట. ఒంటినిండా ఎవరిదో రక్తం. డబ్బాలు దించి బల్ల కిందకి దూరాడట. ఆ తర్వాత మళ్ళీ బయటికి రాలేదు.

"నువ్వు వెళ్ళి ఆయన పక్కన పడుకునేదానివి. ఆయన వణికితే నువ్వూ వణికేదానివి. ఆట అనుకున్నావో ఏమో, ఆయన ఎలా మూలిగితే నువ్వూ అలా మూలిగేదానివి. నాకు ఇద్దరు పిల్లలైపోయారే నెయ్‌రా. ఒక్కళ్ళనే మోయగలను నేను. ఊరి కాపలాకి రమ్మని సైన్యంవాళ్ళు రోజూ తలుపు కొడుతున్నారు. జ్వరం, జ్వరం అని ఎన్నాళ్ళు చెప్తాను?"

"అయితే?"

"అయితే ఏముంది. సొరంగం దగ్గర తెలిసినవాణ్ణి పట్టుకున్నాను. 'వెళ్ళు. దాటి బతికితే బతుకు. మళ్ళీ మాత్రం రాకు. నువ్వొస్తే ఈ పిల్ల మళ్ళీ ఆ బల్ల కిందకి పోతుంది' అన్నాను. నా మాట ఎన్నడూ వినని మనిషి. ఆ ఒక్కటీ విన్నాడు."

పిండి చిరిగింది. ఎప్పుడూ చిరగదు ఆవిడ చేతిలో. అతుకు వేయబోయి వదిలేసింది.

"యుద్ధం అయిపోయాక ఒక లారీ డ్రైవరు వచ్చాడు. 'రుస్మీర్ అడగమన్నాడు, ఇంటికి రావచ్చా?' అని. ఆ పేరుతో ఇక్కడెవరూ లేరు పొమ్మన్నాను."

"ఎందుకమ్మా?"

అప్పుడు కిటికీ వైపు చూసింది. కిటికీకి ఎదురుగా షెఫికా పెద్దమ్మ ఇల్లు.

"మీ నాన్న వెళ్ళిపోయిన వారం, ఆయన నిలబడాల్సిన చోట షెఫికా కొడుకు సెనాద్‌ని నిలబెట్టారు. పందొమ్మిదేళ్ళ పిల్లాడు. ఆ పక్క వారానికి వాడు లేడు. ఎముక కూడా దొరకలేదు. ఆవిడ కొడుకు రాకుండా నా మొగుడు గేటు తీసుకుని వస్తే, ఆ సందులో నేను ఏ ముఖంతో నడవను? ఆవిడ ఏడుస్తుంటే పక్కన కూర్చుని నేనూ ఏడ్చాను. మొదట అబద్ధం ఏడుపే. తర్వాత నిజంగానే వచ్చేది."

అందుకేనట, అమరుల కుటుంబాలకిచ్చే పింఛను ఆవిడ ఎప్పుడూ అడగలేదు. జనం అది పౌరుషం అనుకున్నారు.

నాకు కోపం రావాలి కదా? వచ్చింది కూడా. రెండు రోజులు మాట్లాడలేదు. కానీ రాత్రిళ్ళు కాదు మామయ్యా, పట్టపగలు, పసుపు కోట మీద టూరిస్టులకి ఊరు చూపిస్తుంటే ఒకటే ఆలోచన. నేను వణికానట. ఆయన పక్కన. నా కోసం ఆయన్ని పంపించేసింది. ముప్పై ఏళ్ళుగా మా ఇంట్లో తిరిగిన దయ్యం ఎవరిదో నాకు తెలీలేదు. అది ఆయనదా, బల్ల కింద పడుకున్న నాదా?

ఫ్లోరియాన్‌కి రాశాను. ఇల్లు కూలలేదని, అబద్ధం చెప్పానని.

నెయ్‌రా

*

గోథెన్‌బర్గ్
జూలై

తల్లీ,

నీ ఉత్తరం బల్ల మీద పెట్టి బయట చాలాసేపు నడిచాను. అక్కకి చెప్పు, నేను కోప్పడటం లేదని. వద్దు, చెప్పకు. నేనే రాస్తాను.

రుస్మీర్ బావకి ఆ ట్రాములో నన్ను చూసి ఏమనిపించిందో ఇప్పుడు తెలుస్తోంది. నేను అతన్ని చూసి దయ్యమనుకున్నాను. అతను నన్ను చూసి అక్క పంపిందనుకుని ఉంటాడు, 'ఇంకా దూరం పో' అని చెప్పడానికి.

నన్ను రమ్మని రాశావు, చివర్లో, కొట్టేసి. కొట్టేసినా చదవగలను. నేను రాను నెయ్‌రా. అక్కడ కొండలు మనిషిని చూస్తాయి, తుపాకీ గొట్టంలోంచి చూసినట్టు. నా వీపుకి అది ఇంకా గుర్తుంది. ఇక్కడ అన్నీ చదునుగా ఉంటాయి, చూసేది సముద్రమొక్కటే, దానికి నా మీద ఆసక్తి లేదు.

కుర్రాడు వస్తే తిండి బాగా పెట్టండి. బేకరీవాళ్ళు ఇతరుల చేతి రొట్టె తింటే సంతోషిస్తారు.

మామయ్య

*

వ్రాత్నిక్
ఆగస్టు ఆఖరు

మామయ్యా,

ఫ్లోరియాన్ వచ్చి వెళ్ళాడు. రైల్లో కాదు, బస్సులో, రాత్రంతా ప్రయాణం చేసి. ఎక్కడ కలుద్దామంటే, "మళ్ళీ సైకిలు మీదే తీసుకెళ్ళండి" అన్నాడు. అందుకని ఇద్దరం నది దగ్గర మొదలుపెట్టి, బజారులో రాగి గిన్నెల మధ్యలోంచి, మన నిట్రం ఎక్కాం. అతను మోటారు వేయలేదు. నేనూ వేయలేదు. సందు సగంలో ఇద్దరం రొప్పుతూ దిగి, బళ్ళు తోసుకుంటూ వెళ్ళాం.

గేటు ముందు చెప్పాను.

"అద్దెకుండలేదు ఆయన. ఇది ఆయన ఇల్లే. ఆ పాపని నేనే."

అతను గేటు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అయితే నాకు అబద్ధం చెప్పాడు" అన్నాడు.

"నాకు చచ్చిపోయి అబద్ధం చెప్పాడు. నీదే నయం."

నవ్వాడు. ఆ నవ్వు ఫొటోలోని మనిషిది. మొదటిసారి ఆ ఫొటో నాకు ఎవరిదోలా అనిపించలేదు.

అమ్మ తెల్ల రుమాలు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. అతన్ని పై నుంచి కింద దాకా చూసింది. చేతులు చూసింది. "రా, తిను" అంది. నేను మాటలు అటూ ఇటూ మార్చి చెప్తూ కూర్చున్నాను. అతను అంతా తిన్నాడు, మళ్ళీ పెట్టించుకున్నాడు, పిండి ఎలా సాగదీశారని అడిగాడు. అమ్మ బల్ల మీద ఉత్త చేతులతోనే చూపించింది. కాసేపు ఇద్దరూ పనివాళ్ళలా మాట్లాడుకున్నారు.

కాఫీ అయ్యాక అమ్మ, "ఒక్కటి అడుగు వాణ్ణి" అంది. "ఆయనకి భయం తగ్గిందా, అడుగు."

అడిగాను. అతను అబద్ధం చెప్పవచ్చా అన్నట్టు నా వైపు చూశాడు. నేను ఏ సైగా చేయలేదు.

"లేదు" అన్నాడు. "ఎప్పుడూ నేలమట్టంలోనే ఇల్లు తీసుకునేవాడు. కిటికీ లేని నడవాలో పరుపు వేసుకునేవాడు. కొత్త సంవత్సరానికి బాణాసంచా కాలిస్తే స్నానాలగదిలో కూర్చుని కుళాయి తిప్పి ఉంచేవాడు, తెల్లారేదాకా. మా అమ్మ అందుకే వెళ్ళిపోయింది. నేను చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చునేవాణ్ణి."

నేను మాట మార్చకుండా చెప్పాను. అమ్మ వింది. తర్వాత నాతో కాదు, అతనితో కాదు, "అయితే నేను పంపింది దేనికి?" అంది.

అతనికి భాష రాదు. కానీ లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు, భుజం తగిలేలా. వాడికి అలవాటే కదా, భయపడ్డ మనిషి పక్కన కూర్చోవడం.

మర్నాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని జాడ లేనివాళ్ళ పేర్లుండే ఆఫీసుకి వెళ్ళింది. నాన్న పేరు తీసేయమంది. అక్కడి ఆవిడ మామూలు గొంతుతో, "దొరికారా?" అంది.

"దొరికాడు."

"ఎక్కడ?"

"గ్రాట్స్‌లో. మొన్నటిదాకా బతికాడు."

ఆవిడ కలం ఆగిపోయింది. వెనక కుర్చీల్లో వంతు కోసం కూర్చున్న ఆడవాళ్ళు అమ్మని చూశారు. ఆ చూపుల మధ్యలోంచి అమ్మ మోకాళ్ళు పట్టుకుని బయటికి నడిచింది. నేరుగా ఇంటికి రాలేదు. ఎదురింటి తలుపు కొట్టింది. నన్ను బయటే ఉండమంది.

లోపల ఎంతసేపు ఉందో చెప్పలేను. అరుపులు వినబడతాయని చూశాను. ఏమీ వినబడలేదు. బయటికి వచ్చి, "అంతా చెప్పాను. సెనాద్ సంగతి కూడా" అంది. వెనక తలుపు గడియ పడింది.

ఆ సాయంత్రం షెఫికా పెద్దమ్మ కాఫీకి రాలేదు. తర్వాత కూడా రాలేదు. అమ్మ రోజూ రెండు కప్పులు పెడుతోంది, ఒకటి అలాగే తీసి కడుగుతోంది.

నెయ్‌రా

*

గోథెన్‌బర్గ్
సెప్టెంబరు

నెయ్‌రా,

అక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, నాలుగు పేజీలు. జీవితంలో నాకు అంత పొడుగు రాయలేదు. అందులో మూడు పేజీలు షెఫికా గురించే. రుస్మీర్ గురించి ఒక్క వాక్యం: "ఆయన నా మాట విని ఉండకూడదు ఫిక్రెత్."

షెఫికాని వదిలెయ్యండి. తలుపు తట్టకండి. కొందరికి ఏడవడానికి చోటు కావాలి, కొందరికి తిట్టడానికి.

కుర్రాడు నాకు ఒక పొట్లం పంపాడు. గ్రాట్స్ రొట్టె, రాయిలా గట్టిపడి వచ్చింది. కాఫీలో ముంచి తిన్నాను. బాగుంది.

మామయ్య

*

వ్రాత్నిక్
అక్టోబరు ఆఖరు

మామయ్యా,

సీజను అయిపోవచ్చింది. పొద్దున పొగమంచు మధ్యాహ్నందాకా విడవడం లేదు. హెల్మెట్ల కింద ఉన్ని టోపీలు పెట్టుకుని వస్తున్నారు జనం. ఫ్లోరియాన్ క్రిస్మస్ అయ్యాక వస్తానన్నాడు. ఇక్కడ బాణాసంచా కాలుస్తారని చెప్పాను. "అయితే మీ అమ్మగారి పక్కన కూర్చుంటాను" అని రాశాడు.

షెఫికా పెద్దమ్మ గురించి రాయాలి. ఎలా రాయాలో తెలీక ఇన్నాళ్ళు ఆగాను.

సెప్టెంబరు మధ్యలో ఒక పొద్దున నా గుంపుతో పైకి వస్తుంటే సందు మలుపులో చిన్న ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఉంది. నల్ల కోటు, ఒళ్ళో చేతులు. నన్ను చూడలేదు. నేను తల దించుకుని పోయాను. తిట్టడానికి కూర్చుందనుకున్నాను. పరాయివాళ్ళ ముందు తిడితే ఏం చేయాలా అని ఆలోచించుకున్నాను కూడా, తిట్టనివ్వాలనే అనుకున్నాను. తిట్టలేదు. మర్నాడు మళ్ళీ అక్కడే. ఆ మర్నాడూ. వానలో గొడుగు వేసుకుని. అమ్మ కిటికీ వెనక నిలబడి చూస్తుంది, తెర జరపదు.

ఒకరోజు గుంపుని పైకి పంపి నేను ఆగాను.

"పెద్దమ్మా, చలిలో ఎందుకు? ఏదన్నా అనాలంటే నన్ను అను."

"నిన్నేమంటానే?" అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. "మీ అమ్మని కూడా ఏమనను. అనే ఓపిక ఎప్పుడో పోయింది. పక్కకి జరుగు, వాళ్ళు వెళ్ళిపోతున్నారు."

"ఎవరు?"

"వాళ్ళే. నీ వెనక వచ్చేవాళ్ళు. ఆ ఎత్తు కుర్రాడు ఏ దేశం?"

"హాలెండ్ పెద్దమ్మా."

"వాడి చెవులు చూడు, ఎలా బయటికి ఉన్నాయో. సెనాద్‌వి అలాగే ఉండేవి." కాసేపు పైకి చూస్తూ ఉండిపోయింది. గుంపు మలుపు తిరిగింది. "ఏమోనే నెయ్‌రా. మీ నాన్న పోయాడని నేను మనసారా నమ్మాను. ఆయన కోసం ఏడ్చాను. ఆయనేమో టైల్స్ పరుచుకుంటూ, కొడుకుని కని, బతికే ఉన్నాడు. అలాంటప్పుడు నా వాడు మాత్రం ఎందుకు బతికి ఉండకూడదు? ఎక్కడన్నా పిల్లల్ని కని ఉండవచ్చుగా? ఆ పిల్లలు ఇల్లు చూద్దామని రావచ్చుగా?"

"రావచ్చు" అన్నాను. ఇంకేమనాలి మామయ్యా? ముప్పై ఏళ్ళు ఆవిడ ఒక్క ఎముక కోసం చూసింది. చిన్నదైనా చాలనుకుంది. వాణ్ణి పూడ్చిపెట్టే పని ఒక్కటే ఇంకా మిగిలి ఉందంతే అనుకునేది. ఇప్పుడు మేం నిజం చెప్పి ఆవిడ బతికున్న మనిషి కోసం ఎదురుచూసేలా చేశాం.

"ఆ తలకి పెట్టే చిప్పలున్నాయి చూడు, వాటితో ముఖాలు సరిగ్గా కనబడటం లేదే. అందరూ ఒక్కలాగే ఉంటారు" అంది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. మర్నాడు పొద్దున రెండు కప్పుల్లో కాఫీ పోసి, పళ్ళెంలో పెట్టుకుని, మోకాళ్ళు కూడదీసుకుంటూ మలుపు దాకా దిగింది. షెఫికా పెద్దమ్మ ఒక కప్పు తీసుకుంది. పక్కకి జరగలేదు, వెళ్ళమనీ అనలేదు. అమ్మ నిలబడే తాగింది. ఇప్పుడు రోజూ అంతే. ఒకావిడ కూర్చుని, ఇంకొకావిడ నిలబడి.

నేను ఇప్పుడు మలుపు దగ్గర గుంపుని ఆపుతున్నాను. అక్కడ చూపించడానికి ఏమీ లేదు, గోడ, ఒక ఎండిన తీగ. మంచినీళ్ళు తాగండి అంటాను. బాగా ఎక్కారు, హెల్మెట్లు తీసి ఒక్క నిమిషం తలకి గాలి తగలనివ్వండి అంటాను. వాళ్ళు తీస్తారు. చెమట పట్టిన జుట్టు వెనక్కి తోసుకుంటారు, నవ్వుతారు, ముసలమ్మలకి చేతులూపుతారు.

షెఫికా పెద్దమ్మ ఒక్కొక్కరినీ చూస్తుంది. తొందరపడదు. ఆవిడ ఆఖరి ముఖం దాకా చూసి, తల దించాకే నేను బయల్దేరదీస్తాను.

నెయ్‌రా